రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు ఉన్నా యుద్ధ విమానాలు ఎందుకు తగ్గుతున్నాయి?

అడిగిన ప్రశ్న ఇది: "2025-26లో మన రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అయినా వైమానిక దళంలో 42 స్క్వాడ్రన్లు (ఒక్కో దాంట్లో 16-18 విమానాలు) ఉండాల్సిన చోట మిగ్-21లు వెళ్లిపోయాక 29 మిగిలాయి. తేజస్ కోసం నలభై ఏళ్లుగా చూస్తూ కూర్చోవడం కంటే విదేశాల నుంచి ఒకేసారి 200 మంచి విమానాలు కొనేస్తే పోదా? డబ్బుందిగా, ఎందుకు కొనరు?"

నేను రక్షణ శాఖ పద్దుల విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా కొనుగోళ్ల ఫైళ్లు చూడటంలోనే గడిచింది. యుద్ధం ఎలా చేయాలో చెప్పేంత జ్ఞానం నాకు లేదు. దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మాత్రం దగ్గరగా చూశాను. ఆ వైపు నుంచే చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 6.81 లక్షల కోట్లను వంద రూపాయలు అనుకుందాం. అందులో దాదాపు 46 రూపాయలు జీతభత్యాలు, రేషన్, ఇంధనం, స్పేర్లు, మరమ్మతులకు పోతాయి. 24 రూపాయలు పింఛన్లు. 4 రూపాయలు సరిహద్దు రోడ్లు, కోస్ట్‌గార్డ్ లాంటి పద్దులకు. మిగిలిన 26 రూపాయలే క్యాపిటల్ (కొత్తవి కొనడానికి, కట్టడానికి ఇచ్చే పద్దు), అంటే లక్షా 80 వేల కోట్లు. దీన్నంతా ఆయుధాలకే పెట్టలేం. భూములు, కట్టడాలు వగైరా తీసేస్తే కొత్త ఆయుధాల కోసం మిగిలింది 1,48,722 కోట్లు. అందులో 75 శాతం, అంటే 1,11,544 కోట్లు, దేశంలోని కంపెనీల నుంచే కొనాలని ముందే పక్కన పెట్టారు. ఇక విదేశాల నుంచి కొనడానికి మిగిలేది సుమారు 37 వేల కోట్లు. మూడు దళాలకూ కలిపి.

ఆ 37 వేల కోట్లు కూడా ఖాళీగా చేతిలో ఉన్న డబ్బు కాదు. ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. అగ్రిమెంట్ రోజు కొంత కడతాం, ఆ తర్వాత స్లాబ్ పడినప్పుడల్లా ఒక వాయిదా. రక్షణ కొనుగోళ్లూ అంతే. ఈ ఏడాది సంతకం పెట్టిన ఒప్పందానికి ఆరేడేళ్ల పాటు వాయిదాలు కట్టాలి. కాబట్టి ఏ ఏడాది కేటాయింపు చూసినా, అందులో పెద్ద భాగం వెనకటి సంవత్సరాల్లో పెట్టిన సంతకాలకే వెళ్తుంది. 2018 మార్చిలో సైన్యం వైస్ చీఫ్ (ఉప ప్రధానాధికారి) లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటు స్థాయీ సంఘం ముందు ఈ బాధనే బయటపెట్టారు. ఆ ఏడాది సైన్యం ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న పథకాలకు కట్టాల్సిన వాయిదాలు 29,033 కోట్లు. కొత్తది ఒక్కటి కొనకముందే దాదాపు 7,700 కోట్ల లోటు. మన సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుదని, అత్యాధునికమైనది 8 శాతమే అని కూడా ఆయన అదే సమావేశంలో చెప్పారు. యూనిఫాంలో ఉన్న అంత పెద్ద అధికారి అంత సూటిగా చెప్పడం నా సర్వీసులో అరుదుగా చూశాను.

ఇప్పుడు మీ 200 విమానాల లెక్కకు వద్దాం. 2016లో ఫ్రాన్స్‌తో 36 రఫేల్‌లకు చేసుకున్న ఒప్పందం విలువ సుమారు 59 వేల కోట్లు. ఆయుధాలు, స్పేర్లు, మనకోసం చేసిన మార్పులు, శిక్షణ అన్నీ కలిపి విమానానికి 1,640 కోట్లు పడింది. అదే ధరకు 200 అంటే 3.28 లక్షల కోట్లు. మొదటిసారి కొన్నప్పుడు అయ్యే కొన్ని ఖర్చులు రెండోసారి ఉండవు, కాబట్టి కొంత తగ్గుతుందనుకోండి. కానీ 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం 26 రఫేల్-ఎంలకు సంతకం పెడితే అది సుమారు 63 వేల కోట్లయింది. ధరలు ఆగి మనకోసం ఎదురు చూడవు. విదేశీ కొనుగోళ్లకు ఉన్న 37 వేల కోట్లూ ఏటా ఒక్క వైమానిక దళానికే ఇచ్చేసి, సైన్యానికీ నౌకాదళానికీ ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, పాత వాయిదాలన్నీ ఎగ్గొట్టినా, 200 విమానాలకు తొమ్మిదేళ్లు పడుతుంది.

అయితే అసలు సమస్య కొనే ధర కాదు. మా లెక్కల్లో ఒక మోటు అంచనా వాడేవాళ్లం: ఒక విమానం మీద దాని జీవితకాలంలో పెట్టే మొత్తంలో కొనే ధర మూడో వంతు ఉంటుంది. మిగిలిన రెండు వంతులు దాన్ని ముప్పై, నలభై ఏళ్లు ఎగరేయడానికి. ఆ రెండు వంతులు ఏ పత్రిక హెడ్డింగులోనూ రావు. బడ్జెట్ కోత పడాల్సి వస్తే మొదట కత్తెర పడేదీ అక్కడే. కొత్త విమానం కొనడం ఆపితే వార్త అవుతుంది. స్పేర్ల ఇండెంటు సగానికి తగ్గిస్తే ఎవరికీ తెలియదు, హ్యాంగర్‌లో ఉన్న టెక్నీషియన్‌కు తప్ప.

నౌకాదళం మిగ్-29కే విమానాల గురించి కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే సంస్థ) 2016లో ఇచ్చిన నివేదిక చూడండి. గోవాలోని నౌకాదళ స్థావరంలో ఉండే విమానాలివి. ఇవి ఎగరడానికి సిద్ధంగా ఉన్న శాతం 15.93 నుంచి 37.63 మధ్య తిరిగింది. పది విమానాలుంటే మంచి రోజున నాలుగు కూడా లేవవు. సుఖోయ్-30ల పరిస్థితీ ఒకప్పుడు అలాగే ఉండేది. ఒక దశలో సగం కూడా సిద్ధంగా ఉండేవి కావని, స్పేర్ల సరఫరా చక్కబెట్టాక కాస్త పెరిగిందని 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ స్వయంగా చెప్పారు. ఒక చిన్న లెక్క వేయండి. 200 సుఖోయ్‌లలో 50 శాతం బదులు 75 శాతం సిద్ధంగా ఉంటే 50 విమానాలు అదనంగా వచ్చినట్టు. అంటే దాదాపు మూడు స్క్వాడ్రన్లు, ఒక్క కొత్త విమానం కొనకుండా. స్క్వాడ్రన్లు ఎన్ని అని మీరడిగారు. పొద్దున ఆరింటికి ఎన్ని ఎగురుతాయి అని కూడా అడగండి.

ఈ విషయం నాకు పుస్తకాల్లో తెలియలేదు. తీరంలోని ఒక యూనిట్‌లో ఉన్నప్పటి సంగతి. యూనిట్ పేరు, నౌక పేరు వద్దు. ఒక మధ్యాహ్నం భోజనం ముగించి సీటులో కూర్చున్నాను. ఇంజన్ రూమ్ చీఫ్ ఒకాయన, మన శ్రీకాకుళం వైపు మనిషి, పేపర్లో చుట్టిన వస్తువు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పితే ఆయిల్ సీల్. అరచేతిలో పట్టేంత రబ్బరు రింగు, లోపల ఇనుప స్ప్రింగు. పెదవి దగ్గర గీత పడి చీలింది. వేలితో వంచి చూపించారు, చీలిక నోరు తెరుచుకుంది. "సార్, మీ దగ్గర ఫైలు ఉంది. ఇది మార్చకపోతే పంపు నడపలేం. పంపు నడవకపోతే నౌక కదలదు. మూడు వారాలయింది" అన్నారు.

ఫైలు నా దగ్గరే ఉంది. కొటేషన్ ఒక్కటే వచ్చింది, తయారు చేసే కంపెనీ ఒక్కటే కాబట్టి. ఒకే కొటేషన్ మీద కొనాలంటే ఒక సర్టిఫికెట్ జతపరచాలి. అది లేదు. నేను నిబంధన ప్రకారం ప్రశ్న రాసి తిప్పి పంపాను. అది పై నుంచి కిందికి వెళ్లి, సర్టిఫికెట్‌తో మళ్లీ పైకి రావడానికి మరో పదకొండు రోజులు పట్టింది. వస్తువు ఖరీదు నాలుగు వేల లోపు. ఆ పదకొండు రోజులూ నౌక జెట్టీకే కట్టేసి ఉంది. అందులో ఉన్న సిబ్బంది జీతాలు, జెట్టీ కరెంటు, వాయిదా పడిన కసరత్తు, ఇవేవీ నా ఫైలులో లేవు. నా ఫైలులో ఉన్నది నాలుగు వేల రూపాయల సీల్ ఒక్కటే. నేను చేసింది తప్పని ఏ ఆడిటరూ అనలేదు, అనలేరు కూడా. ఆ రోజు ఆ చీఫ్ ఆ రబ్బరు రింగును మళ్లీ పేపర్లో చుట్టుకుని ఏమీ అనకుండా వెళ్లిపోవడం మాత్రం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ తర్వాత నేను అలాంటి ప్రశ్నలు ఫైలులో రాసి పంపడం మానేసి, ఫోన్ చేసి, వాళ్లనే పిలిపించి, అదే రోజు తేల్చడం అలవాటు చేసుకున్నాను.

మందుగుండు కథా ఇంతే. తీవ్రమైన యుద్ధం 40 రోజులు నడపగలిగేంత నిల్వ ఉండాలనేది పాత లెక్క. 2017లో కాగ్ చూస్తే, 152 రకాల్లో 61 రకాలు పది రోజులకు కూడా చాలవని తేలింది. ఫిరంగి కొంటే పరేడ్‌లో చూపించవచ్చు. గుండ్లు డిపోలో ఉంటాయి, కాలం చెల్లితే పారేయాలి, వాటి గురించి ఎవరూ అడగరు.

మన సామెత ఒకటుంది, ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు అని. స్కార్పీన్ జలాంతర్గాములకు అది అచ్చంగా సరిపోతుంది. 2005లో ఆరు జలాంతర్గాములకు ఒప్పందం, 18,798 కోట్లు. మొదటిది, ఐఎన్ఎస్ కల్వరి, 2017 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. జలాంతర్గామికి ప్రధాన ఆయుధం టార్పెడో. దానికోసం ఎంచుకున్న బ్లాక్ షార్క్ టార్పెడోలు ఒక ఇటాలియన్ గ్రూపువి. అదే గ్రూపుకు చెందిన మరో కంపెనీ హెలికాప్టర్ల కుంభకోణంలో ఇరుక్కోవడంతో ఆ కొనుగోలు ఆగిపోయింది. అవినీతిని శిక్షించాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ప్రత్యామ్నాయం చూసుకోకుండా ఆపడంతో సరికొత్త జలాంతర్గాములు పాతతరం జర్మన్ టార్పెడోలతో సముద్రంలోకి వెళ్లాయి. చివరికి 2024 డిసెంబరులో, డీఆర్‌డీవో తయారు చేస్తున్న బరువైన టార్పెడోను వాటికి అమర్చడానికి 877 కోట్ల ఒప్పందం కుదిరింది. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ ల్యాబ్ దశాబ్దాలుగా చేస్తున్నది ఈ టార్పెడోల పనే. ఆ ల్యాబ్‌కు 2005లోనే ఈ జలాంతర్గామి కొలతలిచ్చి, గడువు పెట్టి, డబ్బిచ్చి ఉంటే ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

విదేశాల నుంచి కొంటే తొందరగా, చవగ్గా అయిపోతుందని చాలామంది నమ్మకం. అడ్మిరల్ గోర్ష్‌కోవ్ కథ విన్నాక ఆ నమ్మకం ఉండదు. ఇప్పటి మన రెండు విమాన వాహక నౌకల్లో ఒకటైన ఐఎన్ఎస్ విక్రమాదిత్య అదే. 2004 జనవరిలో రష్యాతో ఒప్పందం: నౌక ఉచితం, మరమ్మతులకు 97.4 కోట్ల డాలర్లు ఇస్తే చాలు, 2008 కల్లా అప్పగిస్తాం. కాగితం మీద ఇంతకంటే మంచి బేరం ఉండదు.

పాత ఇల్లు కొని రిపేరు చేయించినవాళ్లను అడగండి. గోడ గీకేదాకా లోపల ఏముందో తెలియదు. నౌకను డాక్‌లోకి ఎక్కించి విప్పడం మొదలుపెట్టాక, అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పని ఉందని తేలింది. కేబుళ్లు చాలావరకు మార్చాలి, ఉక్కు పలకలు మార్చాలి. రష్యా కొత్త ధర చెప్పింది. మన ముందు రెండే దారులు. ఒకటి, కట్టిన డబ్బు వదులుకుని బయటికి రావడం. రెండు, అడిగినంత ఇవ్వడం. అప్పటికి ఉన్న ఒకే ఒక్క వాహక నౌక ఐఎన్ఎస్ విరాట్ ముసలిదైపోయింది, కొచ్చిలో కడుతున్న విక్రాంత్ ఇంకా మొదటి దశలోనే ఉంది. అవతలివాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 2010లో ధర 230 కోట్ల డాలర్లు దాటి ఖరారైంది. 2012లో సముద్ర పరీక్షల్లో బాయిలర్లు దెబ్బతిని మరో ఏడాది పోయింది. 2013 నవంబరు 16న సెవెరోద్విన్స్క్‌లో చలిగాలుల మధ్య మన జెండా ఎగిరింది. ధర రెట్టింపు కంటే ఎక్కువ, ఆలస్యం ఐదేళ్లు.

నౌక చెడ్డదని నేననను, ఈ రోజు దేశానికి సేవ చేస్తోంది. తప్పు ఎక్కడంటే, విప్పి చూడకముందే ధర ఖాయం చేసుకోవడం. ఇంకో తప్పు, చేతిలో రెండో దారి లేకుండా బేరానికి కూర్చోవడం. కొచ్చిలో విక్రాంత్ పని ఐదేళ్లు ముందు మొదలై ఉంటే రష్యా ఆ ధర అడిగి ఉండేది కాదని నా గట్టి నమ్మకం. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన ఆ విక్రాంత్‌కు సుమారు 20 వేల కోట్లయింది. సొంతంగా తయారు చేసుకునే శక్తి ఎంత ముఖ్యమో చెప్పడానికి అందరూ దేశభక్తి మాటలు వాడతారు. నేను పద్దుల మనిషిని, నాకు కనిపించేది బేరం. మన దగ్గర ఒక మోస్తరు సొంత వస్తువు ఉన్నా చాలు, అవతలివాడు ధర తగ్గిస్తాడు.

ఇక నిర్ణయం తీసుకోకపోవడానికి అయ్యే ఖర్చు. ఇది ఏ పద్దులోనూ కనిపించదు, అందుకే అందరికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే అంటాను. 126 యుద్ధ విమానాల కోసం 2007లో టెండర్ పిలిచారు. ఆరు రకాల విమానాలను ఎండలో, లేహ్ చలిలో, ఎడారిలో పరీక్షించారు. 2012లో రఫేల్ తక్కువ ధరకు వచ్చిందని తేల్చారు. తర్వాత మూడేళ్లు బేరాలు. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో తయారయ్యే విమానాలకు పూచీ ఎవరిది, పని గంటలు ఎన్ని అన్న దగ్గర ముడిపడింది. 2015 ఏప్రిల్‌లో దాన్ని పక్కన పెట్టి నేరుగా 36 కొంటామని ప్రకటించారు. ఆ 36లో మొదటి ఐదు అంబాలాలో దిగింది 2020 జులై 29న. అంటే టెండర్ పిలిచిన పదమూడేళ్లకు. ఆ పదమూడేళ్లూ మిగ్‌లు ముసలివై స్క్వాడ్రన్లు మూతపడుతూనే వచ్చాయి. మీరడిగిన 29కి అసలు కారణం డబ్బు లేకపోవడం కాదు, ఆ పదమూడేళ్లు.

ఫిరంగులదీ ఇదే దారి. 1986లో 410 బోఫోర్స్ ఫిరంగులు కొన్నాం. ముడుపుల గొడవ బయటపడ్డాక, ఫిరంగుల ఫైలు ముట్టుకోవడానికే అధికారులు భయపడ్డారు. నేను కొత్తగా చేరినప్పుడు సీనియర్లు ఆ పేరు కూడా గొంతు తగ్గించి పలికేవారు. ఆ ఒప్పందంలో తయారీ డ్రాయింగులు కూడా మనకొచ్చాయి. డబ్బు కట్టి తెచ్చుకున్న డ్రాయింగులు బీరువాల్లో ఉండిపోయాయి. 1999లో కార్గిల్ కొండల మీద అవే బోఫోర్స్ మనల్ని కాపాడాయి. వాటికి తోడు మరో కొత్త 155 ఎం.ఎం. ఫిరంగి రావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పాత డ్రాయింగుల ఆధారంగా జబల్‌పూర్‌లో చేసిన ధనుష్ 2019లో సైన్యానికి అందింది. ముప్పై ఏళ్లకు పైగా. కార్గిల్ అప్పుడూ, 2016 ఉరీ తర్వాతా, 2020 లద్దాఖ్ అప్పుడూ విదేశాల్లో హడావిడిగా కొన్నాం. దాహం వేశాక బావి తవ్వేవాడికి కూలీ రేటు ఎంతుంటుందో వేరే చెప్పాలా.

తేజస్ గురించి మీ విసుగు నాకు అర్థమవుతుంది. 1983లో మంజూరు, 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది, 2016లో మొదటి స్క్వాడ్రన్. నలభై ఏళ్లు అనడం తప్పు కాదు. కానీ ఆ నలభై ఏళ్లలో ఏం జరిగిందో చూడాలి. విమానం చట్రం, రెక్కలు, నడిపే కంప్యూటర్ వ్యవస్థ మనవాళ్లు సాధించారు. ఇంజన్ దగ్గర ఆగిపోయారు. 1989లో మంజూరైన కావేరి ఇంజన్‌ను 2008లో తేజస్ నుంచి విడదీశారు. ఇంజన్‌లో టర్బైన్ బ్లేడు ఒకటి ఉంటుంది, అరచేతి కంటే చిన్నది. లోహం కరిగిపోయేంత వేడి గాలిలో నిమిషానికి వేలసార్లు తిరుగుతూ అది సాగకూడదు, పగలకూడదు. అందుకే దాన్ని ఒకే స్ఫటికంగా పోతపోస్తారు, లోపల సన్నటి గాలి దారులతో. ప్రపంచంలో ఇది చేయగలిగిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో లోహాల మీద పరిశోధన చేసే రక్షణ ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ అది సాధించింది. 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి 60 బ్లేడ్లు హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. రఫేల్ దిగిన రోజు టీవీలన్నీ దాన్నే చూపించాయి, ఈ బ్లేడ్ల గురించి ఎవరూ చెప్పుకోలేదు.

హెలికాప్టర్ బ్లేడు వేరు, యుద్ధ విమానం ఇంజన్ వేరు, నాకు తెలుసు. మధ్యలో చాలా దూరం ఉంది. ఆ దూరానికి మనం కడుతున్న ధర ఎంతో 2024లో తెలిసొచ్చింది. 2021లో 83 తేజస్ మార్క్-1ఏలకు సుమారు 48 వేల కోట్ల ఆర్డరిచ్చాం. 2024 ఆరంభం నుంచి రావాలి. అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్-404 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. మన షెడ్డులో విమానాల చట్రాలు తయారై ఇంజన్ కోసం కూర్చున్నాయి.

హెచ్‌ఏఎల్ తప్పులేదని కాదు. కానీ ఆర్డర్ల తీరు చూడండి. 2006లో 20, 2010లో 20. ఇరవై విమానాల కోసం ఏ చిన్న సరఫరాదారు కొత్త మిషన్ కొంటాడు? హైదరాబాద్, బెంగళూరు శివార్లలో ఇలాంటి విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. వాళ్లు బ్యాంకు లోను తీసుకోవాలంటే వచ్చే ఐదేళ్లు పని ఉంటుందని కాగితం కావాలి. 2025 సెప్టెంబరులో మరో 97 తేజస్‌లకు 62,370 కోట్ల ఆర్డరు ఇచ్చారు. ఇది పదేళ్ల కింద ఇవ్వాల్సింది. నా అభిప్రాయం అడిగితే, విదేశీ విమానాలు కొన్ని కొనక తప్పదు, అంతరం అంత పెద్దది. కానీ కొత్త రకం మరొకటి తేవద్దు. ఇప్పటికే సుఖోయ్, రఫేల్, మిరాజ్, మిగ్-29, జాగ్వార్, తేజస్ ఉన్నాయి. ప్రతి రకానికీ వేరే స్పేర్లు, వేరే సిమ్యులేటర్లు, వేరే శిక్షణ, వేరే గోడౌన్. ఉన్నవాటిలోనే ఒకటి ఎక్కువ కొనడం మంచిది.

పింఛన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ 24 రూపాయలనే దోషిగా చూపిస్తారు. నేను అలా చూడలేను. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం వెళ్లండి, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడి పెద్దవాళ్లకు వచ్చే ఆ పింఛను యవ్వనమంతా సరిహద్దులో ఇచ్చినందుకు దేశం తిరిగి ఇస్తున్నది. అది ఖర్చు కాదు, బాకీ. అయితే మనుషుల సంఖ్య పెంచే ప్రతి నిర్ణయం నలభై ఏళ్ల బాకీ అని ముందే లెక్క కట్టాలి. 2013లో చైనా సరిహద్దు కోసం 90 వేల మందితో కొత్త పర్వత దళానికి సుమారు 64 వేల కోట్లతో ఆమోదం ఇచ్చారు. డబ్బు చాలక సగంలో ఆపేశారు. ఆమోదం ఇచ్చిన రోజే ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సింది: ఈ డబ్బు పదేళ్ల పాటు ఏటా ఎక్కడి నుంచి వస్తుంది?

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ వెనక ఈ లెక్కే ఉందని చాలామంది అంటారు. నాలుగేళ్ల సర్వీసు, 25 శాతం మందిని కొనసాగించడం, వెళ్లేవాళ్లకు 11.71 లక్షల సేవా నిధి. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ జూన్ 17న జరిగింది మనందరం చూశాం, ఒక కుర్రాడు చనిపోయాడు. మంచిచెడ్డల చర్చ వేరు. డబ్బు లెక్క మాత్రం చెబుతాను. సిపాయికి పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు కావాలి. అంటే 2022కు ముందు చేరినవాళ్లు 2037 దాకా, ఆ తర్వాత కూడా పింఛను జాబితాలో చేరుతూనే ఉంటారు. ఈ పథకం వల్ల పింఛన్ల పద్దు తగ్గేది ఏదైనా ఉంటే అది అప్పటి నుంచే. రేపటి విమానాలకు ఇది డబ్బు ఇవ్వదు.

ఆధునికీకరణ అంటే ప్రతిసారీ కొత్తది కొనడమే కాదనడానికి ఈ మధ్యే మంచి ఉదాహరణ దొరికింది. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు 300 నుంచి 400 దాకా డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం చెప్పింది. ఒక్కో చవక డ్రోన్‌కు కోట్ల రూపాయల క్షిపణి వేస్తూ పోతే ముందు ఖజానా ఖాళీ అవుతుంది. ఆ రాత్రి చాలా డ్రోన్లను కూల్చినవాటిలో ఎల్-70 తుపాకులు ఉన్నాయి. దశాబ్దాల కిందటి స్వీడన్ డిజైన్. వాటిని తీసేయాలని ఎన్నోసార్లు అనుకున్నారు. తీసేయకుండా భారత్ ఎలక్ట్రానిక్స్ వాటికి కొత్త మోటార్లు, కెమెరాలు, గురిపెట్టే వ్యవస్థ బిగించింది. పాత బండికి కొత్త ఇంజన్ వేసినట్టు. పక్కనే ఆకాశ్ క్షిపణులు పనిచేశాయి, మన హైదరాబాద్ భారత్ డైనమిక్స్‌లో తయారైనవి. అవీ 1983 నాటి ప్రాజెక్టే, అవీ ఆలస్యమైనవే, వాటినీ జనం విసుక్కున్నారు.

వచ్చే ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చినప్పుడు మొత్తం అంకె చూసి ఆగిపోవద్దు. క్యాపిటల్ కింద ఎంత ఇచ్చారో, వెనకటి ఏడాది ఇచ్చినదాన్ని సవరించిన అంచనాల్లో ఎంతకు దించారో పక్కపక్కన పెట్టి చూడండి. 2024-25లో 1.72 లక్షల కోట్లు ఇచ్చి 1.59 లక్షల కోట్లకు దించారు. ఇచ్చిన డబ్బు ఏడాదిలోగా ఖర్చు కాకపోతే మార్చి 31న వెనక్కి పోతుంది, విమానం ఒప్పందం ఏప్రిల్ 10న సంతకమైనా సరే. ఆ డబ్బు మురిగిపోకుండా విడిగా ఒక నిధి పెట్టమని 15వ ఆర్థిక సంఘం 2021-26కి 2.38 లక్షల కోట్లతో సిఫార్సు చేసింది, అనుకున్న రూపంలో అది రాలేదు. ఆ తర్వాత రెవెన్యూ పద్దులోకి (జీతాలు, రోజువారీ నిర్వహణ ఖర్చులు ఉండేది) వెళ్లి స్పేర్లు, మందుగుండు, మరమ్మతుల వరుసలు వెతకండి. అక్కడ అంకె పెరిగిందా తగ్గిందా చూస్తే, ఈ ఏడాది ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతాయో మీకే ఒక అంచనా వస్తుంది.